తూకం కుదిరినా ఊపు కుదరదు: మీటరు కర్ర నుంచి సిరిమాను దాకా

మీటరు పొడవున్న సన్నటి కర్రకు ఒక కొసన కన్నం చేసి, గోడ మేకుకు తగిలించి, కాస్త పక్కకు లాగి వదిలితే అది అటు వెళ్ళి ఇటు రావడానికి ఎంతసేపు పడుతుంది? ఇంటర్ మొదటి ఏడాది ఫిజిక్స్ చదివేవాళ్ళ దగ్గర ఈ ప్రశ్నకు మామూలుగా రెండు జవాబులు దొరుకుతాయి. లఘులోలకం (దారానికి కట్టిన గుండు) సూత్రంలో పొడవు ఒక మీటరు అని వేస్తే 2.01 సెకన్లు వస్తుంది. కర్ర బరువంతా మధ్యలోనే ఉన్నట్టు కదా అని అర మీటరు వేస్తే 1.42 సెకన్లు. రెండూ తప్పే. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని చూస్తే 1.64 సెకన్ల దగ్గర తేలుతుంది. పది ఊపులు లెక్కపెడితే 14.2 సెకన్లు రావాల్సిన చోట 16.4 వస్తాయి. బటన్ నొక్కడంలో పొరపాటని సర్దుకోవడానికి వీల్లేనంత తేడా ఇది.

ఇదే చిక్కు విజయనగరంలో ఏటా దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం నడివీధిలో, వేలమంది కళ్ళ ముందు, 50, 60 అడుగుల పొడవున కనిపిస్తుంది. పైడితల్లి అమ్మవారి సిరిమాను కూడా ఒక ఇరుసు మీద నిలిచిన పొడవాటి మానే. పొలం గట్టు మీది పాత ఏతమూ అంతే. అన్నింటికీ లెక్క ఒక్కటే.

క్లుప్తంగా

ఒక చోట ఇరుసుకు బిగించిన వస్తువు ఊగేటప్పుడు రెండు సంగతులు చూడాలి. దాన్ని తిప్పే బలం, బరువు ఇరుసుకు ఎంత దూరంలో ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. అది తిరగడానికి మొరాయించే గుణం మాత్రం ఆ దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది. మొదటి లెక్కకు గరిమనాభి (బరువంతా అక్కడే ఉన్నట్టు అనుకోగల బిందువు) చాలు, రెండోదానికి చాలదు. ఇక ఇరుసు మీద పడే భారం ఎప్పుడూ వస్తువు బరువంత ఉండదు. ఒక్కోసారి అందులో నాలుగో వంతు, ఒక్కోసారి రెండున్నర రెట్లు.

సగటు వర్గం, వర్గాల సగటు

రెండు తప్పు జవాబుల్లో రెండోది కాస్త తెలివైన తప్పు. గరిమనాభి అన్న మాట పాఠంలో ఉన్నదే. భూమి ఆకర్షణ కర్రను మేకు చుట్టూ ఎంత గట్టిగా తిప్పుతుందో చూడాలంటే, బరువు మొత్తం మధ్యలో వేలాడుతోందని అనుకోవడం పూర్తిగా సరైనదే. ఈ తిప్పే బలాన్నే టార్క్ అంటారు. చిక్కంతా తర్వాతి అడుగులో ఉంది. కర్ర ఎంత మొండిగా తిరుగుతుందో చెప్పే జడత్వ భ్రామకానికి కూడా అదే ఊహను వాడేస్తారు.

పది ముక్కలుగా చూస్తే సంగతి తేటపడుతుంది. మీటరు కర్రను పది సెంటీమీటర్ల చొప్పున పది ముక్కలు అనుకుందాం. మేకు నుంచి ఆ ముక్కల మధ్య బిందువుల దూరాలు 5, 15, 25 అలా 95 సెంటీమీటర్ల వరకు. వీటి సగటు 50. టార్క్ లెక్కకు ఇది చాలు. జడత్వ భ్రామకానికి మాత్రం ఒక్కో దూరాన్నీ వర్గం చేసి, ఆ తర్వాతే సగటు తీయాలి: 25, 225, 625, అలా 9025 వరకు. మొత్తం 33,250, సగటు 3,325. 50ని వర్గం చేస్తే వచ్చేది 2,500 మాత్రమే. దూరంగా ఉన్న ముక్కలు వర్గంలో విపరీతంగా పెరిగిపోయి, దగ్గరి ముక్కల పొదుపును మింగేస్తాయి. ముక్కల్ని ఇంకా సన్నగా కోసుకుంటూ పోతే సగటు 3,333 దగ్గర ఆగుతుంది. అంటే పొడవు వర్గంలో మూడో వంతు. పుస్తకాల్లో కొస దగ్గర తిరిగే కర్ర జడత్వ భ్రామకానికి కనిపించే ‘మూడో వంతు’ ఇదే. అర మీటరు వేసిన విద్యార్థి తెలియకుండానే నాలుగో వంతు వాడాడు.

ఊపు సమయానికి అసలు కావలసింది జడత్వ భ్రామకాన్ని, ద్రవ్యరాశిని గరిమనాభి దూరంతో గుణించగా వచ్చినదానితో భాగిస్తే వచ్చే పొడవు. కర్రకు అది మూడో వంతును సగంతో భాగించగా వచ్చే మూడింట రెండు వంతులు. మీటరు కర్ర 66.7 సెంటీమీటర్ల దారానికి కట్టిన గుండులా ఊగుతుందన్నమాట. ఈ కొలతను లఘులోలకం సూత్రంలో వేస్తే 1.64 సెకన్లు వచ్చి కూర్చుంటుంది.

ఇదంతా చిన్న ఊపులకు. 30 డిగ్రీల దాకా లాగి వదిలితే సమయం 1.7 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీలకైతే 7 శాతం దాటుతుంది. ల్యాబులో ‘తక్కువ లాగండి’ అని మాస్టారు పోరేది ఇందుకే.

ఏతం: బండ ఎక్కడ కట్టాలి?

మోటార్లు రాక ముందు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో బావి నుంచి, కాలువ నుంచి నీళ్ళు తోడటానికి ఏతమే దిక్కు. నిలువు గుంజల మీద ఇరుసు, ఇరుసు మీద అడ్డంగా పొడవాటి మాను, ముందు కొసన గడకు వేలాడే బాన, వెనక కొసన బండ. కొన్నిచోట్ల బండ బదులు మనిషే మాను మీద ముందుకూ వెనక్కూ నడిచేవాడు.

ఇరుసు మీది తూకంలో బండ ఖాళీ బాన కన్నా ఎక్కువ, నిండు బాన కన్నా తక్కువ తూగేలా చూసుకుంటారు. బాన దించేటప్పుడు తోడేవాడు తన ఒంటి బరువుతో కిందికి లాగుతాడు. నీళ్ళతో పైకి వచ్చేటప్పుడు బండ సాయం చేస్తుంది. చేసే పని మొత్తం తగ్గదు. మనిషి ఒంటికి అనువైన దిక్కుకు మళ్ళుతుంది, అంతే. కిందికి లాగడం పైకి ఎత్తడం కన్నా నడుముకు సుఖం.

అయితే బండను ఎంత దూరంలో కట్టాలి? లెక్క కోసం అంకెలు అనుకుందాం. బాన వైపు భారం 30 కిలోలు, ఇరుసుకు 4 మీటర్ల దూరంలో. మాను సొంత బరువు పక్కన పెడదాం. వెనక 4 మీటర్ల దూరంలో 30 కిలోల బండ కట్టినా తూకం కుదురుతుంది. ఒక మీటరు దూరంలో 120 కిలోల బండ కట్టినా కుదురుతుంది. త్రాసు దృష్టిలో ఈ రెండు ఏర్పాట్లకూ తేడా లేదు.

ఊపు దృష్టిలో మాత్రం ఉంది. 30 కిలోలు 4 మీటర్ల దూరంలో ఉంటే జడత్వ భ్రామకంలో దాని వాటా 30ని 16తో గుణించగా 480. 120 కిలోలు ఒక మీటరు దూరంలో ఉంటే 120 మాత్రమే. బరువు నాలుగింతలైనా మొరాయింపు నాలుగో వంతుకు పడిపోయింది. బాన వాటా 480ని కూడా కలిపితే మొదటి ఏర్పాటుకు 960, రెండోదానికి 600. ఏతాన్ని పొద్దస్తమానం దించుతూ, ఆపుతూ, ఎత్తుతూ, మళ్ళీ ఆపుతూ ఉండాలి. దిక్కు మార్చిన ప్రతిసారీ ఈ అంకె చేతులకు తగులుతుంది. పెద్ద బండను ఇరుసుకు దగ్గరగా కట్టడంలో ఉన్న లాభం ఇదే.

దీనికీ ఒక ఖరీదు ఉంది. మొదటి ఏర్పాటులో ఇరుసు మోసేది 60 కిలోలు, రెండోదానిలో 150. చేతులకు తగ్గిన శ్రమ ఇరుసు మీదికి ఎక్కింది. ఇరుసు త్వరగా అరుగుతుంది, గుంజలు బలంగా ఉండాలి. మనిషి నడిచే ఏతంలోనూ ఇదే పొదుపు కనిపిస్తుంది. ఇరుసుకు ఇటు రెండడుగులు, అటు రెండడుగులు వేసినంత మాత్రాన టార్క్ దిక్కే మారిపోతుంది, జడత్వ భ్రామకం మాత్రం పెద్దగా కదలదు.

సిరిమాను: ఒక్క డిగ్రీ విలువ

ఆశ్వయుజంలో తొలేళ్ళ మర్నాడు జరిగే సిరిమానోత్సవానికి రెండు మానులు కావాలి: సిరిమాను, ఇరుసుమాను. మొదటిది పొడవాటి చింతమాను. రెండోది పేరు చెబుతున్నట్టే ఇరుసు. సిరిమాను కొసన ఉన్న ఆసనంలో పూజారి కూర్చుంటారు. మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. వెంట పాలధార, బెస్తవారి వల, అంబారి, అంజలి రథం నడుస్తాయి.

కింద చిన్న కుదుపు వచ్చినా పైన ఆసనం అంతగా ఊగిపోతుందేమని చూసేవారికి ఏటా ఆశ్చర్యమే. ఇందులో సగం శుద్ధ జ్యామితి. ఆసనం ఇరుసుకు 15 మీటర్ల దూరంలో ఉందనుకుంటే, మాను ఒక్క డిగ్రీ వాలితే ఆసనం సుమారు 26 సెంటీమీటర్లు కదులుతుంది. మూడు మీటర్ల పొడవున్న బండికి ముందు చక్రాలు రోడ్డు మీద ఐదు సెంటీమీటర్ల మిట్ట ఎక్కితే చాలు, బండి దాదాపు ఆ ఒక్క డిగ్రీ వాలుతుంది. కింద మూడు వేళ్ళంత మిట్ట, పైన జానెడుకు పైగా కదలిక.

మిగతా సగం జడత్వం. కొసన కూర్చున్న 60 కిలోల మనిషి తూకంలో, ఇరుసుకు ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉన్న 600 కిలోల భారంతో సమానం. ఊపును ఆపే లెక్కలో మాత్రం ఆ 600 కిలోల భారానికి పదింతలు: 60ని 225తో గుణిస్తే 13,500, అటువైపు 600ని 2.25తో గుణిస్తే 1,350. కాబట్టి మాను తూగి నిలబడిందంటే ఊపు కూడా చేతిలో ఉన్నట్టు కాదు. ఒకసారి కదలడం మొదలుపెట్టిన కొసను ఇరుసు దగ్గర పట్టుకుని ఆపాలంటే చాలా బలం కావాలి, లేదా చాలా సమయం కావాలి. ఊరేగింపు నింపాదిగా సాగడానికి జనసందోహం, సంప్రదాయం ఎలాగూ కారణాలే. యంత్రశాస్త్రం కూడా ఆ నిదానాన్నే కోరుతుంది.

చెట్టు ఆకారం ఇక్కడ ఒక మేలు చేస్తుంది. మొదలు లావు, కొస సన్నం. మాను చివరి దాకా ఒకే లావుగా ఉంటే మొదలు దగ్గర తిరిగేటప్పటి జడత్వ భ్రామకం, ద్రవ్యరాశిని పొడవు వర్గంతో గుణించగా వచ్చినదానిలో మూడో వంతు. కొస సూదిమొనలా సన్నబడే శంకువు అయితే పదో వంతే. అదే శంకువును తిరగేసి సన్నటి కొస దగ్గర ఇరుసు పెడితే ఐదింట మూడు వంతులు, అంటే ఆరింతలు. నిజమైన మాను ఒకే లావు కర్రకూ శంకువుకూ నడుమ ఎక్కడో ఉంటుంది. మొదలును ఇరుసు వైపు ఉంచడమే లెక్కకు కుదిరే పద్ధతి.

ఒక మినహాయింపు చెప్పుకోవాలి. ఇక్కడి లెక్కలన్నీ వస్తువు వంగదన్న షరతు మీద నడుస్తాయి. దృఢ వస్తువు అనేది పుస్తకంలో ఉండే మాట. అంత పొడవాటి పచ్చి మాను కొద్దిగా వంగుతుంది, వంగి మళ్ళీ సాగుతుంది. కాబట్టి కొస కదలిక లెక్క చెప్పినదాని కన్నా ఎక్కువగానే ఉంటుంది.

మేకును మధ్యకు జరుపుతూ పోతే

మళ్ళీ మీటరు కర్ర దగ్గరికి వద్దాం. కొస నుంచి మధ్యకు వరసగా కన్నాలు చేసి, ఒక్కో కన్నం దగ్గర వేలాడదీసి ఊపితే ఏమవుతుంది? వేలాడే భాగం పొట్టిది అవుతోంది కాబట్టి ఊపు త్వరపడుతూ పోవాలని తోస్తుంది. మొదట అలాగే జరుగుతుంది. కొస దగ్గర 1.64 సెకన్లు, మధ్య నుంచి 29 సెంటీమీటర్ల దూరంలో 1.53. అక్కడితో తగ్గడం ఆగుతుంది. ఆపైన పెరుగుతుంది: మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో 1.94, 5 సెంటీమీటర్ల దూరంలో 2.63. సరిగ్గా మధ్యలో మేకు పెడితే అసలు ఊగదు. ఎలా పెడితే అలా నిలబడుతుంది.

మేకు మధ్యకు వచ్చేకొద్దీ టార్క్ సున్నా వైపు దిగుతుంది. జడత్వ భ్రామకం మాత్రం సున్నా కాదు. తన నడుము చుట్టూ తిరగడానికి కూడా కర్ర కొంత మొరాయిస్తుంది, ఆ వాటా ఎక్కడికీ పోదు. తోసే చెయ్యి బలహీనపడింది, తోయాల్సిన భారం మిగిలే ఉంది. అందుకే బద్ధకంగా కదులుతుంది. సరిగ్గా తూకం కుదిరిన ఏతం వదిలేస్తే నిద్రమత్తులో ఉన్నట్టు కదలడానికి కారణం కూడా ఇదే.

ఈ జాబితాలో ఒక వింత ఉంది. మధ్య నుంచి 16.7 సెంటీమీటర్ల దూరంలో కన్నం పెడితే మళ్ళీ 1.64 సెకన్లే వస్తుంది. ఆ కన్నానికీ అవతలి కొసకూ మధ్య దూరం 66.7 సెంటీమీటర్లు. పైన లోలకం పొడవుగా వచ్చిన అంకె అదే. రెండు బిందువులు ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లా పనిచేస్తాయి.

దీని వెనక పాత కథ ఉంది. ఫ్రాన్సులో మెర్సెన్ అనే మతాచార్యుడు, లావూ బరువూ ఉన్న వస్తువు ఊగితే అది ఎంత పొడవు దారానికి సమానమని నాటి గణిత పండితులందరినీ అడిగాడు. అప్పటికి కుర్రవాడైన హైగెన్స్‌కూ ఆ ప్రశ్న అందింది, జవాబు చిక్కలేదు. 1656లో లోలకపు గడియారం తయారుచేసింది ఆయనే. గడియారంలో ఊగేది దారం కట్టిన గుండు కాదు, కడ్డీ, బిళ్ళ కలిసిన వస్తువు. కాబట్టి ప్రశ్న ఆయన్ను వదల్లేదు. పూర్తి జవాబు 1673లో అచ్చైంది. ‘జడత్వ భ్రామకం’ అన్న పేరు మాత్రం 1765 నాటి ఆయిలర్ రచనతో స్థిరపడింది. ప్రతిబింబ బిందువుల గుణాన్ని పట్టుకుని కేటర్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1817లో రెండు వైపులా వేలాడదీయగల లోలకం చేశాడు. రెండు వైపులా ఊపు సమయం సమానమయ్యేలా సరిచేస్తే చాలు, జడత్వ భ్రామకం తెలియకపోయినా గురుత్వ త్వరణం (భూమి ఆకర్షణకు పడే వస్తువు వేగం పెరిగే రేటు) తేలిపోతుంది. కష్టమైన లెక్కను తప్పించుకోవడానికి ఇంత అందమైన దారి అరుదు.

గురుత్వం అన్నిచోట్లా ఒకటి కాదని చెప్పింది కూడా లోలకమే. 1672లో రిషే అనే ఖగోళజ్ఞుడు ప్యారిస్ నుంచి భూమధ్యరేఖకు దగ్గరి కయెన్‌కు వెళ్తే, సెకను లోలకాన్ని (ఒక వైపు ఊపుకు సరిగ్గా ఒక సెకను పట్టేదాన్ని) దాదాపు 3 మిల్లీమీటర్లు పొట్టి చేయాల్సి వచ్చింది. శ్రీకాకుళం అక్షాంశం వద్ద ప్రామాణిక సూత్రం ఇచ్చే గురుత్వ త్వరణం విలువ సుమారు 9.785, ప్యారిస్‌కు 9.81. ప్యారిస్‌లో సరిచేసిన గడియారాన్ని అలాగే తెచ్చి శ్రీకాకుళంలో పెడితే రోజుకు 107 సెకన్ల దాకా వెనకబడుతుంది.

కూలే చెట్టు, జారే నాణెం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. వేళ్ళతో పెకలి పడిన కొబ్బరిచెట్టును మొదలు దగ్గర ఇరుసున్న కర్రగా చూడవచ్చు. 15 మీటర్ల ఎత్తు నుంచి కాయ ఒక్కటే రాలితే నేలను తాకేటప్పుడు వేగం గంటకు 62 కిలోమీటర్లు. చెట్టే కూలితే, మొవ్వు బరువు లెక్కించకపోతే కొస వేగం 76. మొవ్వు ఎంత బరువైతే అంకె అంతగా 62 వైపు దిగుతుంది, దాని కన్నా తగ్గదు. ఆకులకు గాలి అడ్డుపడటం, గాలే తోయడం ఈ లెక్కలో లేవు.

స్వేచ్ఛగా రాలేదాని కన్నా కూలేదాని కొస వేగంగా ఎలా పోతుంది? కొసను కింది భాగం లాక్కుపోతుంది. అడ్డంగా పట్టి వదిలిన కర్ర కొస త్వరణం గురుత్వ త్వరణానికి ఒకటిన్నర రెట్లు. స్కేలును ఒక కొస బల్ల అంచుకు ఆనించి, దాని మీద వరసగా నాణేలు పెట్టి, రెండో కొస వదిలేస్తే ఇది కళ్ళకు కనిపిస్తుంది. ఆనించిన చోటు నుంచి మూడింట రెండు వంతుల దూరం దాటిన నాణేల కింద నుంచి స్కేలు జారిపోతుంది. అవి గాల్లో మిగిలిపోతాయి. ఆ గీత దగ్గర మళ్ళీ అదే భిన్నం.

పాత రైసుమిల్లుల ఇటుక పొగగొట్టాలు కూలేటప్పుడు నేలను తాకక ముందే మధ్యలో విరగడానికీ ఇదే మూలం. పై భాగం తనంతట తాను అంత త్వరగా పడలేదు, కింది భాగం దాన్ని వంచి లాగుతుంది. ఒకే లావున్న గొట్టానికి ఆ వంపు ఒత్తిడి కింది నుంచి మూడో వంతు ఎత్తులో అత్యధికం. కొబ్బరిమాను పీచు కాబట్టి ఓర్చుకుంటుంది. ఇటుక, సున్నం ఓర్చుకోవు.

ఇరుసు మోసేది ఎంత?

పరీక్షల్లో ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. మేకు కదలదు కాబట్టి దాని బలం లెక్కలోకి రాదనుకుంటారు. మేకు చుట్టూ టార్క్ తీసేటప్పుడు అది నిజం, అందుకే లెక్కను మేకు చుట్టూ చేస్తారు. వేరే బిందువు చుట్టూ తీస్తే మాత్రం మేకు బలాన్ని మర్చిపోకూడదు.

కర్రను అడ్డంగా పట్టి వదిలిన క్షణంలో మేకు మీద పడేది కర్ర బరువులో నాలుగో వంతే, ఎందుకంటే మధ్య బిందువు ముప్పావు గురుత్వ త్వరణంతో కిందికి పోతోంది. అదే కర్ర నిలువు స్థానానికి వచ్చేసరికి బరువుకు రెండున్నర రెట్లు: ఒక వంతు బరువును మోయడానికి, ఒకటిన్నర వంతులు వృత్తంలో తిప్పి ఉంచడానికి. పావు కిలో కొలతకు సరిపోతుందని బిగించిన మేకు, కిలో కర్ర అడుగుకు వచ్చేసరికి రెండున్నర కిలోల లాగుడు తట్టుకోవాలి. ఊయల కొక్కేలు, గుడిగంట ఇరుసులు నిలకడ బరువుకు సరిపోయినా ఊపులో ఊడిరావడం ఇలాంటి తేడాల వల్లే.

మేకు స్థానంలో చెయ్యి ఉంటే ఈ బలాన్నే చెయ్యి అనుభవిస్తుంది. ఒకే లావున్న కర్రను కొస దగ్గర పట్టుకుని, పట్టు నుంచి మూడింట రెండో వంతు దగ్గర దేన్నైనా కొడితే దెబ్బ చేతికి తెలియదు. అంతకు లోపల తగిలితే పిడి ఒక దిక్కుకు, బయట తగిలితే ఎదురు దిక్కుకు తన్నుతుంది. గోటీబిళ్ళ ఆడేటప్పుడు అరచెయ్యి చుర్రుమంటే బిళ్ళ ఆ చోటికి అటో ఇటో తగిలిందని అర్థం. క్రికెట్ బ్యాటులో ఈ చోటు సరిగ్గా మూడింట రెండో వంతు దగ్గర ఉండదు. బరువంతా అడుగు పలకలో ఉంటుంది కాబట్టి మరికాస్త కిందికి జరుగుతుంది.